కత్తిపీట పదును



ప్రతి యింటను నిత్యము వాడబడుచు, మొద్దుబారినప్పుడు తప్ప ఎవరికిని జ్ఞప్తికి రాని వస్తువు కత్తిపీట. నేడు దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో కమ్మరి కొలిమియందు పుట్టిన కత్తిపీట అత్తగారినుండి కోడలికి సంక్రమించుట మీరెరుగుదురు. దానిని పాతదని మూలకు త్రోయుటకు ముందు, అందలి ఉక్కు స్వభావమును తెలిసికొనవలెను.

సాగగొట్టిన మెత్తని ఇనుములో బొగ్గుపాలు, అనగా కర్బనము, సాధారణముగా నూటికి 0.1 పాలైనను ఉండదు. పదును నిలుచు ఉక్కులో అది 0.6 మొదలు 1 వరకు నుండును. కమ్మరి పాత లారీల కమానుపట్టీలను వెదకి తెచ్చుకొనుట ఇందుకే. ఆ ఉక్కును ఎర్రగా కాచి ముంచినచో గాజువలె గట్టిపడును. గాజువలె పెళుసును అగును. పిమ్మట పైపైన కాచి, ఎండుగడ్డి రంగు తేలగానే చల్లార్చినచో పెళుసుదనము తగ్గి వాడి నిలుచును. జపానుదేశమున సకాయి పట్టణపువారు గట్టి ఉక్కును మెత్తని ఇనుమునకు అతికి వంటకత్తులు చేయుదురు. మన కమ్మరి గొడ్డలికి ఉక్కుపెట్టుటయు ఆ విద్యయే.

ఇక నూరుట. నీరు లేకుండ వేగముగా తిరుగు సానచక్రముపై అలుగు నొత్తినచో నిప్పురవలు ముచ్చటగానే యుండును. కాని అంచు నీలిరంగు తిరిగినచో, సుమారు 300 డిగ్రీల వేడి తగిలి కమ్మరి పెట్టిన పదును పోయినట్లే. అట్టి కత్తి ఆ పూట కోయును. నాలుగు నాళ్లకు మరల మొద్దుబారును. అట్లు చెడిన కత్తిపీటలను మా గ్రామమున నేను చూచితిని. తప్పు వేడిది, నింద ఉక్కునకు వచ్చినది.

ఇంట నూరుటకు సమమైన సానరాయి, నీరు చాలును. అలుగు పీటకు బిగిసియుండును గావున రాతినే అలుగుమీదికి తేవలెను. పీట కదలకుండ నిలిపి, తడిరాతిని వాదరకు ఆనించి, వీపువైపున చిటికెనవ్రేలు దూరునంత సందు ఉంచుడు. ఒకటిన్నర అంగుళముల వెడల్పు అలుగునకు ఈ కొలత సరిపోవును. వ్రేళ్లు వాదర దాటకుండ, మొదలునుండి కొనవరకు ఒకే వాలున రుద్దుడు. అవతలివైపు అంచున సన్నని గరుకు తేలిన పిమ్మట, ఆ వైపును అట్లే రుద్దుడు. తుదకు నున్నని రాతితో తేలికగా రెండుమూడు మారులు తీసినచో గరుకు పోవును.

మొద్దుకత్తియే మేలు, వ్రేలు తెగదని కొందరందురు. మొద్దుకత్తిపై బలము నుపయోగింపవలసివచ్చును. బలము నుపయోగించినచోట చేయి జారును.

త్రుప్పుపట్టని ఉక్కులో క్రోమియము నూటికి 10.5 పాలకు తక్కువ కాకుండ కలుపుదురు. మన కమ్మరి ఉక్కులో అంతటి క్రోమియము లేదు. కావున మామిడికాయ పులుపు, చేపల ఉప్పు, తడి దానికి శత్రువులు. పని ముగియగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె చుక్క రాయుడు. ఉద్దానపు పనసకాయ కోయుటకు ముందు నూనె రాయుట మన స్త్రీలెరిగినదే. దానివలన జిగురును అంటదు. వాడుకచే ఏర్పడు నల్లని పొరకు భయపడవలదు. అది కొంత రక్షణయే. ఎర్రని త్రుప్పును మాత్రము తడిబూడిదతో వెంటనే తీయవలెను. మామిడి టెంకను సన్నని వాదరపై కొట్టవలదు, పళ్లు పోవును.

మీ యూర కొలిమి వెలుగుచున్నచో, నీలిరంగు తిరిగిన కత్తిపీటను కమ్మరికి పంపి మరల పదును పెట్టింపుడు. పని యున్ననే గాని ఆ విద్య నిలువదు. కోత ముగియగానే కత్తిపీటను ప్రక్కకు పడుకోబెట్టుట మరువవలదు. పదునైన కత్తి యున్న యింట పిల్లలును ఉందురు.