గోదా ప్రక్కనే బడి

పిల్లలూ! మనం ఉన్న బహ్రెయిన్ చిన్న ద్వీపదేశం. దీని రాజధాని మనామా. మనామాలోని పాత పేటల్లో నయీమ్ ఒకటి. ఇంత చిన్న దేశానికి 2024 ఆగస్టులో, పారిస్ ఒలింపిక్ క్రీడల్లో, కుస్తీలో స్వర్ణపతకం వచ్చింది. 97 కిలోల తరగతిలో అహ్మద్ తాజుద్దీనోవ్ అనే 21 ఏళ్ల మల్లయోధుడు దానిని గెలుచుకున్నాడు. అతడు పుట్టింది రష్యాలోని దాగెస్తాన్‌లో. పోటీ చేసింది బహ్రెయిన్ తరఫున. మరుసటి ఏడాది అక్టోబరులో ఆసియా యువజన క్రీడలు బహ్రెయిన్‌లోనే జరిగాయి. వాటిలో మీ అన్నల, అక్కల వయసువారు కుస్తీ పట్టారు.

ఇవన్నీ వింటే మీలో కొందరికి “నేను కూడా కుస్తీ నేర్చుకుంటాను” అనిపించవచ్చు. మంచి మాటే. కాని ఆ మాట అనగానే ఇంట్లో అమ్మ అడిగే ప్రశ్న ఒకటుంది: “మరి చదువో?” ఈ పాఠంలో ఆ ప్రశ్నకు జవాబు వెదుకుదాం.

ముందు కుస్తీ అంటే ఏమిటో తెలుసుకుందాం. దీనినే మల్లయుద్ధం అని కూడా అంటారు. ఇది కొట్లాట కాదు. ఇందులో గుద్దకూడదు, తన్నకూడదు, కొరకకూడదు, జుట్టు పట్టుకోకూడదు. బలం, ఒడుపు, ఓపిక ఈ మూడింటితో ఎదుటివాని పట్టు విడిపించుకొని మన పట్టు బిగించాలి. ఎదుటివానిని క్రిందికి తెచ్చి అదుపులో పెట్టుకుంటే 2 పాయింట్లు వస్తాయి. అతని రెండు భుజాలూ ఒకేసారి నేలకు ఆనించి పట్టుకుంటే ఆట అంతటితో ముగుస్తుంది. వెల్లకిలా పడ్డవాడు “చిత్తు” అయ్యాడంటారు. “చిత్తుగా ఓడించారు” అని మనం అంటామే, ఆ మాట ఇక్కడిదే. పెద్దల పోటీ మూడేసి నిమిషాల చొప్పున రెండు విడతలు ఉంటుంది. 17 ఏళ్లలోపు వారికి రెండేసి నిమిషాలే.

కుస్తీ మన తెలుగువారికి కొత్తది కాదు. హైదరాబాదు పాత బస్తీలో తాలీంఖానాలు ఉన్నాయి. తాలీం అంటే శిక్షణ. అక్కడ మెత్తని మట్టి పోసి సిద్ధం చేసిన చోటును గోదా అంటారు. నేర్పే గురువు వస్తాదు. శిష్యులు తెల్లవారకముందే వచ్చి దండీలు, బస్కీలు తీసి గోదాలో దిగేవారు. ఎండ ఎక్కేసరికి ఇళ్లకు వెళ్లేవారు. కాబట్టి బడి వేళకు ఇబ్బంది ఉండేది కాదు.

తెలుగునాట మల్లయోధుడు అనగానే గుర్తుకు వచ్చే పేరు కోడి రామమూర్తినాయుడుగారిది. ఆయన వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. విజయనగరంలో పెరుగుతూ వ్యాయామం, కుస్తీ నేర్చుకున్నారు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవారు. ఛాతీమీద ఏనుగును ఎక్కించుకొనేవారు. ఆయనకు “కలియుగ భీముడు” అని పేరు వచ్చింది. ఇవన్నీ మీరు విని ఉంటారు. ఆయనను గురించి తక్కువమంది చెప్పుకొనే సంగతి మరొకటి ఉంది. ఆయన మద్రాసు దగ్గర సైదాపేటకు వెళ్లి వ్యాయామ శిక్షణ పూర్తిచేసి, విజయనగరం తిరిగి వచ్చి బడిలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశారు. బలం ఒక్కటే ఉంటే ప్రదర్శనలు ఇవ్వవచ్చు. దానిని ఇతరులకు నేర్పాలంటే చదువు కూడా కావాలి.

అయితే ఆనాటికీ ఈనాటికీ ఒక తేడా వచ్చింది. నేటి క్రీడాకారులకు ఉదయం ఒక పూట సాము చాలడం లేదు. ఉదయం శరీరానికి బలం చేకూర్చే వ్యాయామం, సాయంత్రం పట్ల సాధన, మధ్యలో విశ్రాంతి, వేళకు భోజనం, నెలకో రెండు నెలలకో ఒక పోటీ, దాని కోసం ప్రయాణం. ఇవన్నీ ఉంటే ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా నడిచే బడికి రోజూ వెళ్లడం కష్టం. పోటీకి వెళ్లి వచ్చేసరికి గణితంలో రెండు పాఠాలు దాటిపోయి ఉంటాయి. చివరకు కొందరు ఆట మానేస్తారు, కొందరు చదువు మానేస్తారు. రెండూ నష్టమే.

ఈ చిక్కు విప్పడానికి కొన్ని దారులు ఏర్పడ్డాయి.

మొదటి దారి క్రీడా పాఠశాల. ఆటస్థలం, తరగతి గది, వసతి గృహం మూడూ ఒకే ఆవరణలో ఉంటాయి. హైదరాబాదు దగ్గర హకీంపేటలో ఇటువంటి పాఠశాల 1993లో ప్రారంభమైంది. అందులో నాలుగవ తరగతిలో పిల్లలను చేర్చుకుంటారు. కడపలో 2006లో మరొకటి వచ్చింది. భారత సైన్యం కూడా బాలుర క్రీడా దళాలను నడుపుతోంది. వాటిలో చేరిన పిల్లలు ఆటతో పాటు పదవ తరగతి వరకూ చదువుకుంటారు.

రెండవ దారి సార్వత్రిక విద్య. దీనినే మనం ఓపెన్ స్కూలు అంటాం. భారతదేశంలో ఇది 1979లో ఒక చిన్న ప్రయోగంగా మొదలై, 1989లో జాతీయ సంస్థగా రూపొందింది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం 1991లో ఏర్పడింది. జాతీయ సంస్థలో పదవ తరగతికి చేరాలంటే 14 ఏళ్లు నిండాలి. ఒకసారి పేరు నమోదు చేసుకుంటే అది 5 ఏళ్ల వరకూ చెల్లుతుంది. ఆ కాలంలో పరీక్షలు వ్రాయడానికి 9 అవకాశాలు ఉంటాయి. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి వ్రాయనక్కరలేదు. ఏప్రిల్‌లో పోటీ ఉన్న పిల్లవాడు ఆ పరీక్షను అక్టోబరులో వ్రాసుకోవచ్చు. 14 ఏళ్లలోపు వారికి వేరే తరగతులు ఉన్నాయి.

మూడవ దారి ఆన్‌లైన్ చదువు. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు లోకమంతటా బడులు మూతబడ్డాయి. బహ్రెయిన్‌లోనూ, ఇండియాలోనూ పిల్లలు ఇంట్లో కంప్యూటరు ముందు, ఫోను ముందు కూర్చొని పాఠాలు విన్నారు. బడి మన దగ్గరకు రాగలదని అప్పుడు అందరికీ తెలిసింది. ఇంకొక సంగతి కూడా తెలిసింది. తెర ముందు కూర్చున్న ప్రతి పిల్లవాడూ పాఠం విన్నట్టు కాదు!

అందుకే ఆటగాళ్ల ఆన్‌లైన్ చదువుకు పర్యవేక్షణ అవసరం. పర్యవేక్షణ అంటే పెద్దవారు ఒకరు దగ్గర ఉండి కనిపెట్టుకొని చూడడం. పాఠం చెప్పే ఉపాధ్యాయుడు హైదరాబాదులో ఉండవచ్చు. పాఠం ముందే రికార్డు చేసినది కావచ్చు. కాని శిక్షణ జరిగే చోట, పిల్లల ప్రక్కన, ఒక మనిషి ఉండి తీరాలి. ఆయన చేసే పనులు ఏమిటి? పిల్లలు వేళకు కూర్చున్నారా అని చూస్తారు. నోటు పుస్తకంలో వ్రాశారా, వ్రాసినది దిద్దబడిందా అని చూస్తారు. అర్థం కాని లెక్కను మళ్లీ చెబుతారు, లేదా చెప్పగలిగిన వారిని పిలిపిస్తారు. పాఠం పేరుతో ఫోనులో ఆటలు ఆడకుండా చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా, వస్తాదుతో మాట్లాడతారు. “వచ్చే వారం సైన్సు పరీక్ష ఉంది, ఈ వారం సాయంత్రం సాధన కొంచెం తగ్గించండి” అని చెప్పగల మనిషి లేకపోతే ఆట చదువును మింగేస్తుంది.

ఇప్పుడు ఒక రోజు ఎలా గడవవచ్చో చూద్దాం. నయీమ్‌లో ఉన్న 14 ఏళ్ల పిల్లవాడు ఉదయం 5:30కు లేస్తాడు. 6:30 నుంచి 7:30 వరకూ వ్యాయామం. స్నానం, ఫలహారం. 9 గంటలకు పాఠాలు మొదలవుతాయి. అప్పుడు హైదరాబాదులో టైము ఎంత? ఇండియా గడియారం బహ్రెయిన్ కన్నా రెండున్నర గంటలు ముందు. కనుక అక్కడ 11:30. మధ్యాహ్నం 12 వరకూ పాఠాలు, నడుమ చిన్న విరామాలు. భోజనం, కొంచెంసేపు కునుకు. 2:30 నుంచి 4 వరకూ పర్యవేక్షకుని ముందు వ్రాతపని. 5 నుంచి 6:30 వరకూ కుస్తీ సాధన. 7:30కు రాత్రి భోజనం. 9 గంటలకు నిద్ర.

ఇందులో కుస్తీకి ఎంత కాలం పోయింది? రోజుకు రెండున్నర గంటలు. వారానికి 5 రోజులు చేస్తే పన్నెండున్నర గంటలు. చదువుకు రోజుకు నాలుగున్నర గంటలు. “పూర్తికాలం శిక్షణ అంటే పొద్దస్తమానం గోదాలో ఉండడం కాదా?” అని మీరు ఆశ్చర్యపోవచ్చు. కాదు. పిల్లల వయసు ఎన్ని ఏళ్లో, వారానికి అన్ని గంటలకు మించి ఒకే ఆట సాధన చేయకపోవడం మేలని క్రీడావైద్యులు సలహా ఇస్తారు. 14 ఏళ్లవానికి 14 గంటలు. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి కూడా ఉండాలి. ఎదిగే ఎముకలను, కీళ్లను మితిమీరి శ్రమ పెడితే అవి దెబ్బతింటాయి. 13 నుంచి 18 ఏళ్ల వారికి రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కండ కోలుకొనేది నిద్రలోనే. పగలు చదివిన పాఠం మనసులో నాటుకొనేదీ నిద్రలోనే. కాబట్టి నిద్ర తగ్గించి సాధన పెంచేవాడు రెండు విధాలా నష్టపోతాడు.

కుస్తీలో మరొక అపాయం ఉంది. ఇందులో బరువును బట్టి తరగతులు ఉంటాయి. పోటీ రోజు ఉదయం తూకం వేస్తారు. 2024 ఒలింపిక్స్‌లో భారత క్రీడాకారిణి వినేశ్ ఫోగాట్ ఒకే రోజు మూడు కుస్తీలు గెలిచి 50 కిలోల తరగతిలో ఫైనలుకు చేరారు. మరునాటి తూకంలో 100 గ్రాములు ఎక్కువ ఉన్నారు. ఆమెను పోటీ నుంచి తొలగించారు. నియమం అంత కఠినం. ఇందుకు భయపడి కొందరు తిండి, నీళ్లు మాని, వేడి గదుల్లో చెమటలు కార్చి బరువు తగ్గించుకోవాలని చూస్తారు. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల విద్యార్థులు ఇలాగే చేసి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తరువాత అక్కడి నియమాలను మార్చారు. బహ్రెయిన్ ఎండల్లో నీళ్లు మానడం మరీ ప్రమాదం. ఎదిగే పిల్లలు బరువు పెరగడం సహజం. పెరిగితే పై తరగతిలో పోటీ చేయాలి గాని, కడుపు మాడ్చుకోరాదు. “నీళ్లు త్రాగవద్దు” అని ఎవరు చెప్పినా ఆ మాట వెంటనే ఇంట్లో చెప్పండి. శిక్షణ ఇచ్చే పెద్దవారి ప్రవర్తన మీకు భయం కలిగించినా, ఇబ్బంది కలిగించినా అమ్మానాన్నలకు చెప్పండి. అది పితూరీ కాదు. అలా చెప్పడం మీ హక్కు.

ఈ పద్ధతిలో కొన్ని లోట్లు కూడా ఉన్నాయి. ఆన్‌లైన్ చదువులో పరీక్షనాళిక చేతిలో పట్టుకొని చేసే ప్రయోగం ఉండదు. బెంచీ మీద ప్రక్కన కూర్చొనే స్నేహితుడు ఉండడు. బడి వార్షికోత్సవంలో నాటకం ఉండదు. కాబట్టి ఇటువంటి పిల్లలను వారానికి ఒకసారైనా ఇతర పిల్లలతో కలపాలి. మన తెలుగు తరగతి వంటిది వారికి ఎంతో మేలు చేస్తుంది. అమ్మమ్మతో ఫోనులో మాట్లాడే భాష, ఉత్తరం వ్రాసే భాష ఆటల తొందరలో జారిపోకూడదు.

చివరగా ఒక నిజం చెప్పుకోవాలి. గోదాలో దిగిన వందలమందిలో ఒలింపిక్స్‌కు చేరేవారు ఒకరిద్దరైనా ఉండకపోవచ్చు. మోకాలికి దెబ్బ తగిలితే పదహారేళ్లకే ఆట ఆగిపోవచ్చు. పతకం గెలిచిన వారు కూడా ముప్పై అయిదేళ్లు వచ్చేసరికి సాధారణంగా పోటీలు మానుకుంటారు. తరువాత జీవితం ఎంతో మిగిలి ఉంటుంది. శిక్షకులు, వైద్యులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు కావడానికి అప్పుడు చదువే అక్కరకు వస్తుంది. అలాగని ఆట వృథా పోదు. పడినా లేవడం, నియమం పాటించడం, గెలిచినప్పుడు ఓడినవాని చేయి పట్టి లేపడం గోదా నేర్పే పాఠాలు. అవి పుస్తకంతో పాటు జీవితమంతా తోడుంటాయి.

కనుక మీలో ఎవరైనా కుస్తీ నేర్చుకోదలిస్తే, చేరబోయే చోట పెద్దవారిచేత నాలుగు ప్రశ్నలు అడిగించండి. ఇక్కడ చదువును ఎవరు కనిపెట్టి చూస్తారు? పరీక్షలు ఏ సంస్థవి, ఆ సర్టిఫికెట్టు ఎక్కడెక్కడ చెల్లుతుంది? పిల్లలు ఎన్ని గంటలు నిద్రపోతారు? దెబ్బ తగిలితే వైద్యం ఎవరు చేయిస్తారు? నాలుగింటికీ స్పష్టమైన జవాబు వచ్చిన చోట చేరవచ్చు. జవాబు లేని చోట ఎన్ని పతకాలు గోడకు వ్రేలాడుతున్నా చేరవద్దు.

అభ్యాసం

1. “చిత్తు” అనే మాట కుస్తీలో ఏ అర్థంలో వాడతారు?
2. కోడి రామమూర్తినాయుడుగారు బలప్రదర్శనలే కాక ఇంకే పని చేశారు? దానికి ఏ శిక్షణ పొందారు?
3. పర్యవేక్షకుడు చేసే పనులలో మీకు ముఖ్యమని తోచినవి రెండు వ్రాయండి. ఎందుకు ముఖ్యమో చెప్పండి.
4. హైదరాబాదులో మధ్యాహ్నం 2 గంటలకు పాఠం మొదలైతే నయీమ్‌లో అప్పుడు టైము ఎంత?
5. మీ వయసు వారు వారానికి ఎన్ని గంటలకు మించి ఒకే ఆట సాధన చేయకూడదు? మీ దినచర్యను ఒక పట్టికగా వ్రాసి ఇంట్లో పెద్దవారికి చూపండి.