షాంపూ: మాట మారిన మర్దన

షాంపూ అనగానే నేడు మనకు స్ఫురించేది తల రుద్దుకొనే నురుగు. రెండు శతాబ్దాల క్రిందట ఇంగ్లండులో ఆ మాటకు అర్థం ఒళ్ళు పట్టడం. హిందీలో 'చాంపో' అనగా 'నొక్కుము' అని. ఆ మాటే ఆంగ్లేయుల నోట షాంపూ అయినది.

ఈ విద్యకు అక్కడ ప్రతిష్ఠ కల్పించినవాడు 1759లో పాట్నాలో జన్మించిన దీన్ మహమ్మద్. 1810లో ఆయన లండనులో తెరచిన భారతీయ భోజనశాల రెండేండ్లకే దివాలా తీసినది. యాభై దాటిన వయస్సులో, భార్యాబిడ్డలతో బ్రైటన్ సముద్రతీరం చేరి, 1814 నుండి స్నానశాల నడపసాగాడు.

అక్కడి పద్ధతి చిత్రమైనది. మూలికలు కాచిన ఆవిరిలో రోగికి బాగా చెమట పట్టనిచ్చేవారు. చుట్టూ ఉన్నిగుడ్డ డేరా. దానికి చొక్కాకున్నట్లు చేతులు. మర్దనకారుడు బయటనే నిలిచి, వాటిలోనుండి తన చేతులు పోనిచ్చి కీళ్ళు, కండరాలు పిసికేవాడు. ఆంగ్లేయుల బిడియానికి తగిన ఏర్పాటే! మొదట హేళన చేసిన ఊరే పిమ్మట ఆదరించినది. నాలుగవ జార్జి, నాలుగవ విలియం ఆయనను తమ మర్దనవైద్యునిగా నియమించుకొన్నారు.

1822లో వెలువరించిన గ్రంథంలో పక్షవాతం సైతం నయమైనదని ఆయన చెప్పుకొన్నాడు. అంత దూరం మనం వెళ్ళనక్కరలేదు. వేడికి రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. మర్దనకు బిగిసిన కండరాలు సడలుతాయి. నొప్పి కొంతసేపు ఉపశమిస్తుంది. నేటి స్పాలలో సొమ్ము పుచ్చుకొని ఇచ్చేదీ ఇంతమాత్రమే. రోగమూలం చెక్కుచెదరదు. గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడగనిదే ఆవిరిగదిలో అడుగిడరాదు.

దీన్ మహమ్మద్ 1851లో మరణించాడు. తరువాత పదేండ్లలోనే షాంపూ ఒంటిమీదినుండి తలపైకి ఎక్కినది. తలంటు మనకు అలవాటే గనుక ఆ మార్పు మన చెవికి వింతగా తోచలేదు.