పేరుకు ముందు కులం

గుంటూరు, ప్రకాశం పల్లెటూళ్లలో ‘ఊరు’ వేరు, ‘పల్లె’ వేరు. మిరపకోతలకు కూలీలను మాట్లాడబోయిన రైతు “ఊళ్లో ఎవరూ దొరకలేదు, పల్లెలో అడిగొచ్చా” అంటాడు. మాలపల్లె, మాదిగపల్లె అని విడమర్చి చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. ఇంత మామూలుగా నలిగిన గుర్తు పత్రికలోకి, పుస్తకంలోకి ఎక్కినప్పుడు ఎవరికి మేలు చేస్తోంది?

గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. 1941లో ‘గబ్బిలం’ రాశారు. గుడి గడప తొక్కే వీల్లేని మనిషి, ఆ గుడిలోకి అడ్డూ ఆపూ లేకుండా ఎగిరిపోయే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పి పంపే కావ్యం అది. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాయి. అయినా జయంతి వార్తల్లో ఆయన ఇంకా ‘దళిత కవి’. ఆయన తరంలో మిగతావాళ్లు ఏ విశేషణమూ లేకుండా కవులు, మహాకవులు. ఈ తేడా నన్ను ఏళ్లుగా బాధిస్తోంది.

అలాగని ఆ మాటనే చెరిపేద్దామా? కారంచేడు ఒప్పుకోదు. 1985 జులై 17న ఆ ఊళ్లో, మంచినీటి చెరువును మురికి చేయొద్దన్న దగ్గర మొదలైన గొడవ చివరికి ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. మిగిలినవాళ్లు పిల్లాజెల్లాతో చీరాల చేరి, మళ్లీ ఆ ఊరికి పోమన్నారు. ఆ కన్నీళ్లలోంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్ల పూనికతో దళిత మహాసభ పుట్టింది. ‘హరిజన’ అన్నది ఒకరు జాలితో పెట్టిన పేరు. ‘దళిత’ తామే ఎంచుకున్నది. అంతకు ముందు 1917లో బెజవాడలో ‘పంచమ’ సభగా తలపెట్టినదాన్ని భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ‘ఆది ఆంధ్ర’ సభగా మార్చుకున్నదీ తమ పేరు తామే పెట్టుకోవాలనే. 2018లో కేంద్ర సమాచార శాఖ ‘దళిత’ బదులు ‘షెడ్యూల్డు కులం’ అని వాడమని టీవీ చానెళ్లకు సూచించింది. తాము ఎన్నుకున్న పేరును తీసి దరఖాస్తు ఫారంలో మాట చేతికివ్వడం న్యాయం అనిపించుకోదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, కొందరి శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అలాంటి దాడిని ఇవాళ్టికీ ‘ఇరువర్గాల ఘర్షణ’ అని రాసే అలవాటు పోలేదు. లేదంటే చచ్చినవాడి కులం శీర్షికలో ఉంటుంది, చంపినవాడిది ఎక్కడా ఉండదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నిలవాలంటే బాధితుడు ఎస్సీయో ఎస్టీయో అయి ఉండాలి, నిందితుడు కాకుండా ఉండాలి. న్యాయస్థానం ఇద్దరి కులమూ అడుగుతుంది. పత్రిక ఒక్కరిదే చెబుతుంది. కులం పేరు ఒకవైపే అంటుకుని ఉన్నంతకాలం, రెండోవైపు వాళ్లు కులమే లేని మనుషులుగా చలామణి అవుతారు. పెత్తనానికి అంతకంటే మంచి చాటు ఏముంటుంది?

విలేకరి మిత్రులకు ఒక విన్నపం. వచ్చే సెప్టెంబరు 28న జాషువా జయంతి వార్తలో ‘కవి’ అని రాయండి, చాలు. పల్లె మీద దాడి జరిగిన రోజున మాత్రం కొట్టినవాడి కులం కూడా రాయండి.