ఇంగ్లీషుకూ యాసలున్నాయి

ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళంతా ఒకేలా పలుకుతారా? పలకరు.

టమాటానే చూడండి. ఇంగ్లండులో దాన్ని 'టొమాటో' అంటారు. అమెరికాలో 'టొమేటో' అంటారు. రాసే అక్షరాలు మాత్రం ఒకటే.

కారును లండన్‌లో చాలామంది 'కా' అంటారు. చివరి 'ర' వినపడదు. స్కాట్లండులో ఆ 'ర' బాగా వినపడుతుంది.

ఇందులో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. చిన్నప్పుడు ఇంట్లో, ఊళ్ళో విన్నట్టే నోటికి వస్తుంది. అదే యాస.

తెలుగులోనూ అంతే. కొందరు 'వాన' అంటారు. కొందరు 'ఆన' అంటారు. పుస్తకంలో 'వాన' అని ఉంటుంది. అంతమాత్రాన 'ఆన' తప్పు కాదు.

అక్కల్లారా! ఎవరో నవ్వుతారని గ్రామసభలో ఊరుకోకండి. నీళ్ళ గురించి, రేషను గురించి మీ యాసలోనే గట్టిగా అడగండి.