పేరు ఒక్కటే, గుణములు వేరు: నాలుగు గన్నేరులు

పూజకు పూలు కావలెనని పెరటిలో గన్నేరు నాటుట మనవారికి తరతరముల అలవాటు. అయితే తెలుగునాట గన్నేరు అను పేరుగల మొక్క ఒకటి కాదు, నాలుగు కలవు. నాలుగును ఒకే వృక్షకుటుంబమునకు చెందినవే అయినను వాని గుణములు వేరు. ఒకదాని గుణమును మరొకదానికి అంటగట్టినచో ప్రాణాపాయము కలుగవచ్చును. కనుక వీనిని ఆనవాలు పట్టుట ప్రతి గృహస్థుడును నేర్వవలెను.

గన్నేరు

దీనినే కరవీరమందురు. సన్నని, పొడవైన, దళసరి ఆకులు కణుపునకు మూడేసి చొప్పున ఉండును. పూలు ఎరుపు, గులాబి, తెలుపు రంగులలో పూయును. నీరు తక్కువైనను బ్రతుకును. పశువులు సాధారణముగా మేయవు. అందుచేతనే రహదారుల నడుమ దీనిని విరివిగా నాటుచున్నారు. వేరు మొదలు పువ్వు వరకు ఇది విషమే. ఎండినను, ఉడికించినను ఆ విషము పోదు. ఎండుకొమ్మలను వంటచెరకుగా వాడరాదు.

పచ్చగన్నేరు

ఇది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములనుండి వచ్చినది. పసుపుపచ్చని గరాటువంటి పూలు పూయును. కొమ్మ విరిచినచో పాలు కారును. ఆకుపచ్చని కాయ పండి నల్లబడును. లోపల గట్టి టెంక ఉండును. పిల్లలు వీనితో ఆడుకొని, పగులగొట్టి గింజ నోట పెట్టుకొనుటయే పెద్ద ప్రమాదము. ఈ రెండు మొక్కల విషమును గుండెపైననే పనిచేయును. వాంతులు, విరేచనములు, తల తిరుగుట కలిగి, నాడి మందగించి గతి తప్పును.

దేవగన్నేరు

దేవాలయముల చెంత కనిపించు చెట్టు ఇది. ఆకులు రాలిన మోటు కొమ్మల చివర పసుపు గొంతుగల తెల్లని పూలు గుత్తులుగా పూయును. రాత్రివేళ పరిమళము హెచ్చు. దీని పాలు చర్మమునకు మంట కలిగించును, కంటిలో పడనీయరాదు.

బిళ్ళగన్నేరు

రెండు మూడడుగుల చిన్న మొక్క ఇది. అయిదు రేకుల పూలతో ఏడాది పొడవునా కళకళలాడును. దీని పుట్టినిల్లు మడగాస్కర్ ద్వీపము. పలుదేశములలో దీనిని మధుమేహమునకు నాటుమందుగా వాడుచుండగా, కెనడా శాస్త్రజ్ఞులు రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరీక్షించిరి. వారు గమనించిన ముఖ్య ఫలితము రక్తములోని తెల్లకణములు తగ్గుట. తత్ఫలితముగా 1958లో విన్‌బ్లాస్టిన్ అను ఔషధము లోకమునకు తెలిసినది. ఈ మొక్కనుండియే లభించిన విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో అనుమతి పొంది, పిల్లల రక్తక్యాన్సరు చికిత్సలో నేటికిని ముఖ్య ఔషధముగా నున్నది.

అయితే ఆ మందులను శుద్ధిచేసి, తూచిన మోతాదులో వైద్యులు నరమునకు ఎక్కింతురు. చక్కెర తగ్గునని ఇంటిలో ఆకు నములుట, కషాయము త్రాగుట తగదు. అందులో ఏ పదార్థము ఎంత పోవునో తెలియదు. పైగా క్రమముగా వాడు మందులు మానినచో వ్యాధి ముదురును. ఇక బిళ్ళగన్నేరని భ్రమించి కరవీరపు ఆకు వాడినచో కలుగు కీడు చెప్పనలవికాదు.

విషము లోనికి పోయినచో

నోటిలో మిగిలినది తీసివేసి పుక్కిలింపజేయవలెను. ఉప్పునీరు పోసి వాంతి చేయించుట, పసరులు త్రాగించుట కూడదు. 108కు ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. తిన్న గింజనో ఆకునో వెంట తీసికొనిపోయినచో వైద్యునకు సహాయకారి యగును. బిడ్డ కులాసాగా కనిపించినను ఇంటికి మరలింపరాదు; గుండెపై ప్రభావము కొన్ని గంటల తరువాతకూడ కనిపింపవచ్చును.

పసిపిల్లలున్న ఇంటిలో పచ్చగన్నేరు నాటకుండుట మేలు. ఉన్నచో రాలిన కాయలను ప్రతిదినము ఏరి, పిల్లలకు, పశువులకు అందకుండ పూడ్చివేయవలెను.