సైరన్ వెనక స్టెతస్కోప్!

అంబులెన్స్ అంటే రోగిని ఆసుపత్రికి చేర్చే బండి మాత్రమేనా? కాదు... కంటికి కనిపించని డాక్టరు ఒకరు అందులో తోడుగా వస్తారు!

ఉదయం ఆరు గంటలు. ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డంతా వాకర్లే. వాళ్లలో ఓ పెద్దాయన ఉన్నట్టుండి గుండె పట్టుకుని చెట్టు కింద కూలబడ్డారనుకోండి. ఒళ్లంతా చెమటలు. చుట్టూ జనం. 'ఆటో పిలవండి' అంటారొకరు. 'తార్నాకలో ఏదో నర్సింగ్‌హోమ్ ఉంటుంది, తీసుకెళ్దాం' అంటారింకొకరు. మూడో వ్యక్తి మాత్రం 108కి ఫోన్ చేస్తారు. ఆటో వేగంగానే వెళ్లొచ్చు. కానీ దార్లో గుండె ఆగితే? చేరిన చోట గుండె డాక్టరు లేకపోతే? మళ్లీ ఇంకో ఆసుపత్రికి పరుగే!

ఫోన్‌లో డాక్టరు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవలు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలయ్యాయి. నడిపింది ఈఎంఆర్ఐ సంస్థ. తర్వాత ఈ నంబరు ఎన్నో రాష్ట్రాలకు పాకింది. బండిలో ఉండేది ఇద్దరే... డ్రైవరు, ఎమర్జెన్సీ టెక్నీషియన్. డ్రైవర్ని అక్కడ 'పైలట్' అంటారు. మరి డాక్టరు? కాల్ సెంటర్‌లో ఉంటారు. టెక్నీషియన్ నాడి, రక్తపోటు, ఆక్సిజన్ చూసి ఫోన్‌లో చెబితే, ఏ మందు ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో డాక్టరు చెబుతారు. గుండెపోటు రోగికి ఆస్పిరిన్ ఇవ్వొచ్చా, పురిటినొప్పులు ముదిరితే బండి ఆపి కాన్పు చేయాలా... ఇలాంటి నిర్ణయాలకు వెన్నుదన్ను ఆయనే. ఒక డాక్టరు ఒక బండిలో కూర్చుంటే ఒక్క రోగికే సాయం. ఫోన్ దగ్గర ఉంటే ఎన్నో బండ్లకు తోడు. డాక్టర్ల కొరత ఉన్న చోట ఇదో తెలివైన ఏర్పాటు!

అక్కడలా... ఇక్కడిలా...

ఫ్రాన్స్ తీరు వేరు. అక్కడ 15కి ఫోన్ చేస్తే మాట్లాడి నిర్ణయం తీసుకునేది డాక్టరే. ప్రాణాపాయమైతే డాక్టరే బండెక్కి వస్తారు. జర్మనీలోనూ అంతే. అమెరికాలో మాత్రం శిక్షణ పొందిన పారామెడిక్‌లదే భారం. 1966లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే గుండె డాక్టరు డీఫిబ్రిలేటర్‌ని బండిలో పెట్టి రోగి దగ్గరకే పంపించాడు. ఆసుపత్రి రోగి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచనకు అది పెద్ద మలుపు. మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక పీజీ కోర్సుగా వైద్య మండలి గుర్తించింది 2009లోనే!

తార్నాక మీదుగా గుండె

కొన్నిసార్లు డాక్టరే ప్రయాణం కట్టాలి. 2021 ఫిబ్రవరి 2న ఓ దాత గుండెను వైద్య బృందం నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో తీసుకెళ్లింది. ఎక్కడా ఆగకుండా, తార్నాక స్టేషన్‌నీ దాటుకుంటూ దాదాపు 21 కిలోమీటర్లు అరగంటలోపే చేరింది. బయటకు తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లోపు అమర్చాలి. రోడ్డు మీద ట్రాఫిక్‌తో పందెం కాయడం ఎందుకనుకున్నారు మరి!

మొదటి డాక్టరు మీరే!

అంబులెన్స్ ఎంత త్వరగా బయల్దేరినా రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గుండె ఆగిపోతే, ఎవరూ ఏమీ చేయకపోతే గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం తగ్గుతుందంటారు వైద్యులు. స్పృహ లేకుండా, ఊపిరి సరిగా ఆడని మనిషి ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, సుమారు రెండంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. అదే సీపీఆర్. సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామన్న భయమూ అక్కర్లేదు. రోడ్డు ప్రమాద బాధితుల్ని ఆదుకున్నవారికి 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ అండగా నిలిచాయి.

ఇక మన పెద్దాయన సంగతి... ఆ మూడో వ్యక్తి ఫోన్ చేసి, 'ఆర్ట్స్ కాలేజీ ముందు, పెద్ద మెట్ల దగ్గర' అని గుర్తు చెప్పి, బండి వచ్చేదాకా పక్కనే ఉంటే చాలు. సైరన్ వినిపించే లోపే సగం వైద్యం మొదలైనట్టే!