మండువేసవిలో భోగి

మన ఊళ్లలో భోగి తెల్లవారుజామంటే చలి. మంచు తెరలు విడవకముందే వీధి మధ్యన విరిగిన మంచం కోళ్లు, పాత తలుపు చెక్కలు, తాటాకులు పేర్చి, పిల్లలు గుచ్చి పెట్టుకున్న పిడకల దండలు వేసి నిప్పంటిస్తే వీధి వీధంతా మంట చుట్టూ చేరుతుంది. నేల తడిగా ఉంటుంది, గడ్డి మంచుతో నిండి ఉంటుంది. ఆ మంట ఎటు పాకుతుందోనన్న భయం ఎవరికీ ఉండదు.

న్యూజిలాండ్‌లో అదే భోగి నడివేసవిలో వస్తుంది. మేముండే కాంటర్‌బరీలో కొండల వైపు జనవరి నాటికి గడ్డి ఎండి, అడుగు వేస్తే కరకరమంటుంది. ఆపైన నార్‌వెస్టర్ వీస్తుంది. టాస్మన్ సముద్రం మీదుగా వచ్చే తడిగాలి సదరన్ ఆల్ప్స్ పడమటి వాలు మీద వాన కురిపించి, తడంతా అక్కడే వదిలేసి, వేడెక్కి ఇవతలికి దిగుతుంది. రోహిణీకార్తె వడగాలి తగిలినవాళ్లకు దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఈ దేశంలో మనవాళ్లు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నా, డెయిరీ ఫారాల్లో పనిచేస్తూ అక్కడే కాపురాలు పెట్టినవాళ్లు, ఊరి అంచున ఎకరమో రెండెకరాలో కొనుక్కుని లైఫ్‌స్టైల్ బ్లాకుల్లో ఇల్లు కట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. పొలం, పాడి, చెట్టు మనకు కొత్త కాదు. కార్చిచ్చు అన్న మాటా కొత్త కాదు. 2014 మార్చిలో శేషాచలం అడవులు తగలబడితే ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అయితే అడవి మంట పెరటి కంచె దాకా రాగల చోట కాపురముండటం మనలో చాలామందికి కొత్త. అందుకే ఈ వ్యాసంలో నా విన్నపం ఒక్కటే. భోగి మంటను ఇక్కడ మానుకుందాం. భోగి పనిని, అంటే ఇంటి చుట్టూ ఉన్న పాతదీ ఎండిందీ తీసి పారేసే పనిని, వేసవి రాకముందే ముగిద్దాం.

మూడు మంటలు

2017 ఫిబ్రవరి 13న క్రైస్ట్‌చర్చ్ నగరాన్ని ఆనుకున్న పోర్ట్ హిల్స్ మీద రెండు చోట్ల మంటలు లేచాయి. తర్వాత రెండూ కలిసిపోయాయి. 1,600 హెక్టార్లకు పైగా కాలింది, 9 ఇళ్లు పోయాయి, వందల కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయి. మర్నాడు మంటలార్పుతున్న హెలికాప్టర్ కూలి పైలట్ స్టీవ్ ఆస్కిన్ చనిపోయారు. ఏడేళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరిలో, అవే కొండలు మళ్లీ అంటుకున్నాయి.

2019 ఫిబ్రవరి 5న నెల్సన్ దగ్గర పిజన్ వ్యాలీలో మంట పుట్టింది. ఎండిన పొలంలో ట్రాక్టరు లాగుతున్న పరికరం రాయికి తగిలి లేచిన రవ్వే దానికి మూలమని దర్యాప్తు చెప్పింది. ఆ ఒక్క రవ్వ 2,300 హెక్టార్లను బూడిద చేసింది. వేక్‌ఫీల్డ్ ఊరు ఊరంతా ఖాళీ అయింది. సుమారు 3,000 మంది ఇల్లు విడిచి వెళ్లారు.

మూడోది ఓహౌ సరస్సు. 2020 అక్టోబరు 4, ఆదివారం. తెల్లవారడానికి ఇంకా చాలా సమయముంది. ఈదురుగాలిలో మంట కొండవాలు నుంచి చిన్న ఊరి మీదికి దిగింది. 48 ఇళ్లు కాలిపోయాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు. మంట వస్తే ఎటు వెళ్లాలో, ఎక్కడ కలుసుకోవాలో ఆ ఊరివాళ్లు ముందే అనుకుని ఉన్నారు. ఇక్కడ అక్టోబరంటే వేసవి కాదు, వసంతం. జనవరిలో చూసుకుందాంలే అని ఎవరైనా అనుకుంటే ఓహౌ తేదీని గుర్తుచేయండి.

రవ్వ దూరే సందులు

మంట వచ్చి ఇంటిని మింగేస్తుందని మనం ఊహించుకుంటాం. చాలా ఇళ్లు అలా పోవు. మంట ఇంకా దూరంగా ఉండగానే గాలి మోసుకొచ్చిన నిప్పురవ్వలు ఇంటి మీద రాలతాయి. చూరు కింది సందులో, డెక్ చెక్కల మధ్య, గుమ్మం ముందున్న కొబ్బరిపీచు పట్టాలో, చూరు గొట్టంలో పేరుకున్న ఎండుటాకుల్లో ఆ రవ్వ చోటు చూసుకుంటుంది. ఒక్కోసారి అందరూ వెళ్లిపోయాక, మంట దాటిపోయిన గంటల తర్వాత, ఇల్లు లోపలి నుంచి అంటుకుంటుంది.

కిందటి ఏడాది ఆగస్టులో నేను నిచ్చెన వేసుకుని చూరు గొట్టాలు శుభ్రం చేశాను. పక్క తోటలోని పైన్ చెట్ల సూదులు బొగ్గుపొడిలా అట్టలు కట్టి ఉన్నాయి. ఒక్క వైపు గొట్టంలోనే మూడు బకెట్లు వచ్చాయి. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ కింద నిలబడి బకెట్లు అందుకుంటూ, వరండా గోడకు పేర్చిన కట్టెల వైపు చూసి అడిగింది:

“అదేంట్రా, కట్టెలు గోడకి ఆనించి పెట్టావు? మన గడ్డివాము ఎప్పుడైనా ఇంటికి ఆనించి వేశామా?”

ఎప్పుడూ వేయలేదు. మా ఊళ్లో వామి దొడ్డి చివర ఉండేది. ఎండాకాలంలో గాలి లేచిందంటే పొయ్యిలో నిప్పు ఆర్పి, బూడిద మీద నీళ్లు చల్లాకే ఆడవాళ్లు పొలం వెళ్లేవారు. తాటాకు ఇళ్ల ఊళ్లకు ఈ జాగ్రత్త తరతరాలుగా తెలుసు. ఆ సాయంత్రమే కట్టెలన్నీ కంచె దగ్గరికి మార్చాను.

పది మీటర్లు, ముప్ఫై మీటర్లు

ఇంటి గోడ నుంచి 10 మీటర్ల దాకా ఉన్న జాగాను ఊడ్చిన వాకిలిలా ఉంచాలి. గడ్డి పొట్టిగా, వీలైతే పచ్చగా ఉండాలి. గోడ పక్కన బెరడు ముక్కలు పరవకుండా గులకరాళ్లు పోయించండి. డెక్ కింద అట్టపెట్టెలు, పెయింటు డబ్బాలు, పాత పరుపులు దాచొద్దు. వంటకూ వేడినీళ్లకూ వాడే గ్యాస్ సిలిండర్ల చుట్టూ ఒక్క ఎండు మొక్క కూడా ఉండకూడదు. చూరు మీదికి వాలిన కొమ్మలు కొట్టించాలి.

అక్కడి నుంచి 30 మీటర్ల దాకా చెట్లు ఉండొచ్చు, కానీ గుంపుగా ఉండకూడదు. కింది కొమ్మలు తీసేస్తే నేల మీది మంట చెట్టెక్కడానికి మెట్లు దొరకవు. ఇల్లు కొండవాలు మీద ఉంటే ఈ దూరం ఇంకా పెంచాలి. మంట ఎగువకు పాకేటప్పుడు వేగం పెరుగుతుంది, వాలు ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు రెట్టింపవుతుందని అడవి మంటల లెక్క.

ఏ చెట్టు పెంచుతున్నామన్నదీ ముఖ్యమే. పసుపు పూలతో అందంగా కనిపించే గోర్స్ ముళ్లపొద పచ్చిగా ఉన్నా నూనె పోసినట్టు మండుతుంది. బ్రూమ్, మానుకా, కానుకా, యూకలిప్టస్, పైన్ అన్నీ తేలిగ్గా అంటుకునేవే. ఈ నేలకే చెందిన ఫైవ్‌ఫింగర్, కారము, హంగెహంగె, పోరోపోరో, కోటుకుటుకు లాంటివి అంత సులువుగా మండవు. కంచె వెంట కొత్తగా నాటేవాళ్లు నర్సరీలో ఈ పేర్లు అడగండి.

మొవర్‌తో గడ్డి కోయడానికీ వేళ ఉంది. మంచు ఆరని ఉదయం పూట కోయండి. గాలి లేచిన మధ్యాహ్నం బ్లేడు ఒక్క రాయికి తగిలితే చాలు, పిజన్ వ్యాలీ కథ మళ్లీ మొదలవుతుంది. లాగ్ బర్నర్ బూడిదలో నిప్పు అయిదు రోజుల దాకా ఉండగలదు. దాన్ని ఇనుప బకెట్‌లో వేసి, నీళ్లు పోసి, ఆరుబయట పెట్టాలి. కంపోస్టు గుంటలో గుమ్మరించవద్దు.

నీళ్లు, దారి, నంబరు

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం గురించి మన పెద్దలు సామెత చెప్పారు. పల్లెలో మన బావి వాన నీటి ట్యాంకు. పైపులైను లేని చోట కట్టే ఇంటికి మంటలార్పడానికే 45,000 లీటర్ల నీరు కేటాయించాలని న్యూజిలాండ్ ప్రమాణం చెబుతుంది. నీళ్లుంటే సరిపోదు, ఫైరింజను గొట్టం తగిలించుకునే కప్లింగ్ ట్యాంకుకు ఉండాలి, ఇంజను ట్యాంకు దగ్గరి దాకా రాగలగాలి.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. మన పంపు కరెంటుతో నడుస్తుంది. మంట వచ్చిన రోజు ముందు పోయేది కరెంటే. అప్పుడు నిండు ట్యాంకు పక్కనే ఉన్నా కుళాయిలో చుక్క రాదు. పెట్రోలు పంపు ఉంటే నెలకోసారి తిప్పి చూడండి. కరెంటు లేకుండా గరాజ్ తలుపు, ఆటోమేటిక్ గేటు చేత్తో ఎలా తెరవాలో ఇంట్లో అందరికీ తెలియాలి.

ఫైరింజను లోపలికి రావాలంటే దారి 4 మీటర్ల వెడల్పు ఉండాలి, పైన 4 మీటర్ల ఎత్తు దాకా కొమ్మలు అడ్డు రాకూడదు. గేటు దగ్గర ఇంటి నంబరు రాత్రి పూట కూడా కనబడాలి. పల్లె రోడ్ల మీద ఈ రాపిడ్ నంబర్ల వెనక మంచి లెక్క ఉంది. నంబరును 10తో గుణిస్తే రోడ్డు మొదలు నుంచి మీటర్ల దూరం వస్తుంది. బేసి సంఖ్యలు ఎడమ పక్క, సరి సంఖ్యలు కుడి పక్క. 543 అంటే రోడ్డు మొదలు నుంచి దాదాపు 5,430 మీటర్ల దూరంలో, ఎడమ చేతి వైపు. పొగలో వచ్చే డ్రైవరుకు ఆ పలకే దిక్కు.

అమ్మానాన్నలకు చెప్పే మాట

మన ఇళ్లలో ఇంకో ప్రత్యేకత ఉంది. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటారు. పగలు మనం పనికి, పిల్లలు బడికి వెళ్లాక ఇంట్లో ఉండేది వాళ్లే. కారు నడపరు, ఇంగ్లీషు తడబడుతుంది, ఫోన్‌లో ఇక్కడి సిమ్ ఉందో లేదో. ఇల్లు ఖాళీ చేసే ఏర్పాటు వాళ్ల వైపు నుంచి ఆలోచించి చేయాలి.

111కి ఫోన్ చేసి “ఫైర్” అనడం, ఇంటి నంబరు, రోడ్డు పేరు చెప్పడం వాళ్లతో నాలుగుసార్లు పలికించండి. అవి తెలుగు లిపిలో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ప్రమాదం దగ్గరపడితే ఆ చుట్టుపక్కల ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్ద శబ్దం చేసి సందేశం చూపిస్తాయి. ఆ ఎమర్జెన్సీ మొబైల్ అలర్ట్ వస్తే భయపడి ఫోన్ ఆపేయకూడదని చెప్పండి. పక్క ఫారం వాళ్లను ఇంటికి పిలిచి పరిచయం చేయండి. మనం ఊళ్లో లేనప్పుడు అమ్మను కారెక్కించుకునేది వాళ్లే.

తలుపు దగ్గర ఒక సంచి సిద్ధంగా పెట్టండి. పాస్‌పోర్టులు, మందులు, మందుల చీటీలు, కళ్లజోడు, చార్జరు, బ్యాటరీ రేడియో, నీళ్లు. బట్టల విషయంలోనూ ఒక మాట. పాలిస్టరు చీర, నైలాన్ జాకెట్ వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలుదో ఉన్నిదో నిండుగా వేసుకోవాలి, కాళ్లకు చెప్పులు కాకుండా తోలు బూట్లు ఉండాలి. పశువులను ముందుగానే గడ్డి బాగా మేసేసిన పాడక్‌లోకి తోలి, లోపలి గేట్లు తెరిచి ఉంచండి.

వెళ్లాలనిపిస్తే తొందరగా వెళ్లిపోండి. ఎవరో వచ్చి చెప్పే దాకా ఆగాల్సిన పని లేదు. ఆలస్యంగా బయలుదేరినవాళ్లకు దారిలో పొగ ఎదురవుతుంది, రోడ్డు కనబడదు. ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు.

నిప్పుతో మన పండుగలు

2017 జులై 1న ఏర్పడిన ఫైర్ అండ్ ఎమర్జెన్సీ న్యూజిలాండ్ సంస్థ ఏడాదిని ప్రాంతాల వారీగా మూడు రకాల కాలాలుగా విభజిస్తుంది. ఓపెన్ అంటే పర్మిట్ అక్కర్లేదు. రిస్ట్రిక్టెడ్ అంటే పర్మిట్ ఉంటేనే. ప్రొహిబిటెడ్ అంటే ఆరుబయట మంట పూర్తిగా నిషిద్ధం. చెక్ ఇట్స్ ఆల్‌రైట్ అనే వాళ్ల వెబ్‌సైటులో చిరునామా కొడితే ఆ రోజు మన చోట ఏ కాలం నడుస్తోందో చూపిస్తుంది. ఈ దేశంలో అడవి మంటలు దాదాపు అన్నీ మనుషుల వల్లే పుడుతున్నాయి కాబట్టి ఆరుబయట హోమం చేయాలన్నా, ఎండుకొమ్మలు తగలబెట్టాలన్నా ముందు అక్కడ చూడండి. బాణసంచా ఇక్కడ నవంబరు 2 నుంచి 5 వరకే అమ్ముతారు. దీపావళికి కొన్నవి మిగిలితే జనవరి దాకా దాచి పొలంలో కాల్చవద్దు. ఆకాశదీపాలు అసలే వద్దు.

మా ఇంట్లో ఇప్పుడు భోగి పని ఆగస్టులో జరుగుతోంది. చూరు గొట్టాలు, డెక్ కింది సామాను, కంచె వెంట ఎండుకొమ్మలు. ట్రెయిలర్ నింపి ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు తీసుకెళ్తాం. జనవరిలో భోగి రోజున తెల్లవారే లేచి, తలంటి పోసుకుని, వాకిట్లో ముగ్గు వేసి, సాయంత్రం పిల్లలకు భోగిపళ్లు పోస్తాం. ఈ ఏడాది అమ్మ పిడకల దండ బదులు పళ్ల దండ గుచ్చింది, రేగిపళ్లు దొరక్క చెర్రీపళ్లతో. మంట లేదు. బయట నార్‌వెస్టర్ వీస్తోంది. పొట్టిగా కోసిన గడ్డి మీద పిల్లలు పరుగులు పెడుతున్నారు, కట్టెలు దూరంగా కంచె దగ్గరున్నాయి, తలుపు పక్కన సంచి సిద్ధంగా ఉంది.